కామేశం బండి ఎందుకాగింది

చెన్నై తొండియార్‌పేటలో కామేశం బుల్లెట్టు చప్పుడు తెలియనివాళ్ళంటే ఆ వీధికి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళే అయ్యుండాలి. పప్పుల మండీలో లెక్కలు రాసే పనిలో చేరిన కొత్తలో కొన్న బండి అది. ఆయన పని మానుకుని చాలా ఏళ్ళయింది, మండీ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ డబ్బాల గోడౌను వెలిసింది, బండి మాత్రం ఇంటి ముందు చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. దాని ఆరు వోల్టుల దీపం వెలుగులో దారి కనిపించదు, దీపం వెలుగుతోందన్న సంగతి మాత్రం కనిపిస్తుంది. ఆ మాట ఎవరైనా నోరుజారి అంటే కామేశానికి ఒళ్ళు మండిపోయేది. మనిషికి కోపం తక్కువే గాని, ఉన్న కాస్త కోపమూ ఆ బండి కోసమే దాచుకున్నాడు.

అటువంటి బండి ఆర్నెల్లుగా దారి మధ్యలో మొరాయిస్తోంది.

మొరాయించడంలోనూ దానికొక పద్ధతి ఉంది. పాలకో, కూరగాయలకో వీధి చివరిదాకా వెళ్ళొస్తే బుద్ధిగా నడుస్తుంది. తిరువొత్తియూరు దాటి ఎన్నూరు దారి పట్టిందంటే మాత్రం ఎక్కడో ఒకచోట నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. కామేశం దిగి స్టాండు వేస్తాడు. వంగి ట్యాంకు కిందున్న పెట్రోలు ట్యాపు అటూ ఇటూ తిప్పుతాడు. ట్యాంకు మూత విప్పి లోపలికి తొంగి చూస్తాడు. పెట్రోలు తళతళలాడుతూ ఉంటుంది. మూత బిగించి కిక్కరు తొక్కితే, ఏమీ ఎరగనట్టు బండి లేచి బయలుదేరుతుంది. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ అదే వరస.

మొదటిసారి ఆగింది ఎన్నూరులో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్తున్నప్పుడు. వెనక సీటు మీద భార్య హైమ, పట్టుచీరతో, ఒళ్ళో పళ్ళ సంచీతో. ముందొక కంటైనర్ లారీ, వెనకొక కంటైనర్ లారీ, నడుమ కదలని బండి. వెనక లారీవాడు హారను మీంచి చెయ్యి తీస్తే ఒట్టు. కామేశం తన తతంగమంతా చేశాడు, బండి లేచింది. హైమ మళ్ళీ ఎక్కి కూర్చుంటూ మామూలుగానే అడిగింది.

"బయల్దేరేటప్పుడు ట్యాపు తిప్పలేదా ఏందండీ?"

"తిప్పినానే."

"మరి ఇప్పుడు తిప్పంగానే స్టార్టయిందే."

నిజం చెప్పాలంటే, తిప్పాడో లేదో ఆయనకు జ్ఞాపకం లేదు. నలభై ఏళ్ళ పైబడి చెయ్యి తనంతట తానే చేస్తున్న పని అది. అన్నం తింటూ ముద్దలు గుర్తుపెట్టుకునేవాడెవడు? ఈ సమాధానం చాలా బాగుంది గాని, లారీల మధ్య నిలబడి భార్యకు చెప్పడానికి పనికొచ్చేది కాదు.

ఆ రోజు మొదలు ఇంట్లో బండి సంగతి పోయి మనిషి సంగతి మొదలైంది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికితే "చూసినారా" అనేది హైమ. పాత మండీ యజమాని అల్లుడి పేరు చప్పున నోటికి రాకపోతే "చూసినారా" అనేది. షోళింగనల్లూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే కూతురు సంయుక్తకు ఫోను చేసి, "మీ నాయనకు మతిమరుపు వస్తా ఉండాదే" అని చెప్పేది. పక్క గదిలో పేపరు చదువుతున్న కామేశం ఆ మాటలు విని పేజీ తిప్పేవాడు కాదు.

ఆయనకు భయం పట్టుకుంది. ఊరికే పట్టుకోలేదు. ఆయన అన్న తిరువేంగడం చివరి రోజుల్లో కన్న కొడుకును పట్టుకుని "మీది ఏ ఊరండీ" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ కొడుకు ముఖం కామేశం ఇప్పటికీ మర్చిపోలేదు. తనకూ ఆ గతే పడుతుందేమోనని, బయలుదేరే ముందు ట్యాపును ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకోవడం మొదలుపెట్టాడు. చూసుకుని సీటెక్కాక, చూసుకున్నానా అని మళ్ళీ అనుమానం. ఈ లెక్కన బండి కదిలేసరికి వీధిలో పిల్లలు బడికి పోయి తిరిగి వచ్చేలా ఉన్నారు.

హైమ గయ్యాళి అనుకుంటే పొరపాటు. ఆమె కూడా భయపడిపోయిన మనిషే. బండి ఇంటికొచ్చిన నాటినుంచి ప్రతి శుక్రవారం దాని దుమ్ము దులిపి, హెడ్‌లైటు నెత్తిన ఒకటి, ట్యాంకు మూత నడిమధ్య ఒకటి గంధం బొట్టు పెట్టి పైన కుంకుమ అద్దుతుంది. బండి ఆగడం మొదలైనాక ఆ బొట్టు మీద ఆమెకు శ్రద్ధ ఇంకా పెరిగింది. మనిషిని భద్రంగా ఇంటికి చేర్చమని బండిని తప్ప ఎవరిని అడుగుతుంది పాపం.

కామేశానికి మిగిలిన దిక్కు సుందర్‌రాజ్. కొరుక్కుపేట రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డులో మెకానిక్కు. కామేశం ఈడువాడే. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి హార్బరు పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన క్రైస్తవ కుటుంబం. షెడ్డు గోడకు ఒక సిలువ, దాని కింద వరసగా స్పానర్లు. ఆ బండిని కామేశం తర్వాత అంతగా ఎరిగినవాడు ఇంకొకడు లేడు. ఇద్దరూ దాని ముందు కూర్చుంటే పిల్ల పెళ్ళి సంగతి మాట్లాడుకునే వియ్యంకుల్లాగా ఉండేవాళ్ళు.

"ఇది కరెంటు జబ్బన్నా," అని తేల్చాడు సుందర్‌రాజ్. "వేడెక్కితే ఆగతాది, చల్లారితే లేస్తాది. కండెన్సరు గాక ఇంకేంది?"

కండెన్సరంటే పాయింట్ల పక్కన ఉండే వేలి కణుపంత డబ్బా. అది లోపల చెడితే, ఇంజను కాగినప్పుడల్లా ప్లగ్గుకు నిప్పురవ్వ సరిగ్గా అందదు. చల్లారగానే తనకేమీ జబ్బు లేనట్టు నటిస్తుంది.

"కాదప్పా," అన్నాడు కామేశం. "కరెంటు పోతే టక్కున ఆగాల. ఇది దగ్గి దగ్గి ఆగతా ఉండాది. పెట్రోలు అందక చేసే పని ఇది."

"పెట్రోలు అందకపోతే మళ్ళీ ఎట్టా లేస్తాది? ట్యాంకులోకి దేవదూత వచ్చి పోసి పోతా ఉండాడా?"

సుందర్‌రాజ్ మాటే నెగ్గింది. కాబట్టి మొదట కరెంటు వైద్యం జరిగింది. కండెన్సరు మారింది. పాయింట్లను గరుకు ఉప్పుకాగితంతో రుద్ది, సందు సరిచేశారు. కాయిలు మారింది. తుప్పు పట్టిన ఎర్తు వైరు గీకి బిగించారు. హారను కొట్టినప్పుడు ఎగిరిపడే మీటరు ముల్లు ఇప్పుడు పెద్దమనిషి తరహాలో కదిలింది. షెడ్డు చుట్టూ రెండు వీధులు తిప్పితే బండి దివ్యంగా నడిచింది. మరునాడు ఎన్నూరు దారిలో ఆగిపోయింది.

ఆ తర్వాత కామేశం మాట చెల్లించడానికి పెట్రోలు వైద్యం. కార్బొరేటరు విప్పి, జెట్టును నోటితో ఊది, కన్నంలోంచి ఆకాశం కనిపిస్తోందా లేదా అని ఒకరి తర్వాత ఒకరు చూశారు. పెట్రోలు ట్యాపు ఊడదీసి, లోపలి జల్లెడ కడిగి పెట్టారు. ట్యాంకు మూత కింద కొత్త వాషరు అంతకుముందే వేసి ఉంది. పాతది అరిగి పెట్రోలు చిందుతోందని ఏడాది మొదట్లో సుందర్‌రాజే మార్చాడు. చివరికి కిరసనాయిలు గుడ్డతో బండంతా మెరిసేట్టు తుడిచాడు. మూత మీది బొట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి పక్కకు తిప్పాడు. ఎప్పుడూ అంతే.

"వదిన పెట్టిన బొట్టు. నేను తుడిస్తే బాగుండదు," అన్నాడు.

కామేశం సంగతి చెప్పనక్కర లేదు. భార్య పెట్టిన బొట్టు చెరపడానికి ఏ తెలుగు మొగుడికి చేతులొస్తాయి?

ఈసారి బండి తిరువొత్తియూరు దాటి, ఎర్నావూరు దాటి, ఎన్నూరు పొగగొట్టాలు కనిపించేదాకా పోయింది. కామేశం మనసు కుదుటపడబోతుండగా దగ్గింది. ట్యాపు తిప్పి, మూత తీసి, చూసి, మూత పెట్టి, కిక్కరు తొక్కి ఇంటికొచ్చాడు. గుమ్మంలో హైమ ఎదురుచూస్తోంది. ఆయన ముఖం చూసి లోపలికి పోయింది. అడిగి ఉంటేనే బాగుండేదని ఆయనకు అనిపించింది.

శనివారం సంయుక్త వచ్చింది. అన్నాలయ్యాక తల్లి లారీల మధ్య బండి ఆగిన కథను పట్టుచీరతో సహా మొదటినుంచి చెప్పింది. సంయుక్తకు ఆ కథ కంఠతా వచ్చు. అయినా విని, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, కోపం తెచ్చుకోబాకండి. మా ఆఫీసు దగ్గర ఒక నరాల డాక్టరు ఉండాడు. మతిమరుపుకు రొంబ మంచి డాక్టరంట. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసినా. సింపుల్‌గా నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అంతే."

"బండి తాళంచెవి గూడా నాకిచ్చేయండి," అంది హైమ. "ఆ లారీల రోడ్డులో మీరు ఒంటరిగా నిలబడి ఉంటారని తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు."

కామేశం చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది. తాళంచెవి ఇవ్వడమంటే ఒప్పుకోవడమే. బండికి కాదు, తనకే జబ్బని ఒప్పుకోవడం.

"ఒక్క రోజు ఇయ్యండి," అన్నాడు. "రేపు సుందర్‌ను వెనక కూర్చోబెట్టుకోని పోతాను. వాడి ముందరే ట్యాపు తిప్పతాను. బండి ఎందుకు ఆగతా ఉండాదో కనిపెట్టినానంటే తాళంచెవి నాది, డాక్టరూ లేడు, గీక్టరూ లేడు. కనిపెట్టలేదంటే రెండూ మీ ఇష్టం."

"సరి," అంది సంయుక్త. తర్వాత తల్లిని చూసి, "అమ్మా, నువ్వు గూడా ఒకసారి వచ్చి షుగరూ బీపీ చూపించుకుంటే ఏం పోయె?" అంది.

"నాకేం, గుండ్రాయిలాగా ఉండాను," అని హైమ గిన్నెలు తీసుకుని లేచిపోయింది. సంయుక్తను కన్న తర్వాత ఆమె ఆసుపత్రి మెట్టెక్కిన పాపాన పోలేదు. జ్వరమొస్తే మిరియాల చారు తాగి ముసుగు పెట్టేది. బతిమాలినా, బెదిరించినా కదిలే రకం కాదు.

ఆదివారం పొద్దున సుందర్‌రాజ్ చర్చి నుంచి నేరుగా వచ్చాడు, తెల్లచొక్కాతోనే, సంచీలో నాలుగు స్పానర్లతో. కామేశం అప్పటికి కళ్ళజోడు కోసం లోపల వెతుకుతున్నాడు. దొరికి బయటికి వచ్చేసరికి హైమ గంధం గిన్నెతో వచ్చి మూత మీద బొట్టు పెట్టింది. కామేశం వంగి ట్యాపు తిప్పాడు.

"చూసినావా?"

"చూసినానన్నా."

"బాగా చూసినావా?"

"మీ చెయ్యి, మీ ట్యాపు, మీ వేలి ఉంగరం, అన్నీ చూసినా. పదండి."

తిరువొత్తియూరు హైరోడ్డు ఆదివారం కూడా ఖాళీగా ఉండదు. షేర్ ఆటోలు, బస్సులు, చేపల బుట్టలు కట్టుకున్న మోపెడ్లు. ఊరు దాటాక ఎడమ పక్క వరసకట్టి నిలబడిన కంటైనర్ లారీలు, కుడి పక్క రాళ్ళకట్ట, దాని వెనక సముద్రం. కామేశానికి రోడ్డు కనిపించడం లేదు. చెవులు మాత్రమే పనిచేస్తున్నాయి. ఆగకపోతే బాగుండునని ఒక మనసు, ఈ ఒక్కసారి తప్పకుండా ఆగితే బాగుండునని ఇంకొక మనసు.

ఎర్నావూరు దాటాక ఆగింది.

నాలుగు దగ్గులు, ఒక కుదుపు, నిశ్శబ్దం. ఇద్దరూ దిగి బండిని రాళ్ళకట్ట వైపు తోసి స్టాండు వేశారు. అలవాటు కొద్దీ కామేశం చెయ్యి ట్యాపు మీదికి పోబోయింది.

"ఏదీ ముట్టబాకండి," అన్నాడు సుందర్‌రాజ్. "ఇన్నాళ్ళూ మనం చేసిన తప్పే అది. ఆగంగానే అన్నీ ఒకేసారి తిప్పతాము, లేస్తాది, ఏది తిప్పితే లేచిందో తెలీదు. ఈరోజు ఒకటి చూసినాకే ఇంకొకటి."

ముందు ట్యాపు చూశారు. తెరిచే ఉంది. సుందర్‌రాజ్ దాన్ని చూసి, కామేశాన్ని చూసి తల పంకించాడు. కామేశానికి కళ్ళు చెమర్చాయి. బండి ఇంకా బాగుపడలేదు, జబ్బేమిటో తెలియదు, అయినా ఆ క్షణంలో ఆయన నెత్తిమీంచి కొండంత బరువు దిగిపోయింది. తను మర్చిపోలేదు. సాక్షి కూడా ఉన్నాడు.

తర్వాత ప్లగ్గు. సుందర్‌రాజ్ దాన్ని ఊడదీసి, వైరు తగిలించి, ఇంజను మీద ఆనించి పట్టుకున్నాడు. కామేశం కిక్కరు తొక్కాడు. చిటుక్కుమని నీలం రవ్వ ఎగిరింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ ఎగిరింది. ఇంజను కాగి ఉంది, రవ్వ మాత్రం కొత్త బండి రవ్వలా ఉంది.

"కరెంటు జబ్బు గాదు," అన్నాడు సుందర్‌రాజ్. ఆ మాట అనడానికి ఆయనకు కొంచెం కష్టమైంది.

తర్వాత పెట్రోలు పైపు. దాన్ని కార్బొరేటరు దగ్గర లాగి కిందికి వంచారు. ట్యాంకు సగానికి పైగా నిండి ఉంది, ట్యాపు తెరిచి ఉంది, ధారగా కారాలి. రెండు చుక్కలు పడ్డాయి. మూడో చుక్క పైపు మూతిని పట్టుకుని వేలాడింది, పడలేదు.

ఇద్దరూ ఆ చుక్క వైపే చూస్తూ నిలబడ్డారు. వెనక లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

కామేశం బుర్ర చురుగ్గా పనిచేయడం మొదలుపెట్టింది. మండీలో లెక్క తేలని రోజున కూడా ఆయన ఇలాగే కదలకుండా నిలబడిపోయేవాడు. ఆగినప్పుడల్లా తను చేసేవి రెండే పనులు. ట్యాపు తిప్పడం, మూత తీసి చూడడం. ట్యాపు ముందే తెరిచి ఉంటే, దాన్ని తిప్పడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. ఇక మిగిలింది మూత.

"సుందర్, పైపు అట్నే పట్టుకో," అని ఆయన మూతను మెల్లగా తిప్పాడు.

బుస్సుమంటూ గాలి లోపలికి దూరింది. అదే క్షణంలో పైపులోంచి పెట్రోలు ధారగా సుందర్‌రాజ్ తెల్లచొక్కా మీద పడింది. ఆయన చొక్కా సంగతి పట్టించుకోకుండా నవ్వాడు. కామేశం కూడా నవ్వాడు. నవ్వుతూనే మూతను తిరగేసి చూశాడు. మూత నడిమధ్య సూదిమొన దూరేంత కన్నం ఒకటి ఉండాలి. పెట్రోలు దిగిన కొద్దీ ఆ కన్నంలోంచి లోపలికి గాలి రావాలి. రాకపోతే లోపల గాలి కరువై పెట్రోలు దిగకుండా బిగుసుకుపోతుంది. మూత తీస్తే గాలి వస్తుంది, బండి లేస్తుంది. పెట్రోలు ఉందా అని తొంగి చూసిన ప్రతిసారీ ఆయన తనకు తెలియకుండానే బండికి వైద్యం చేస్తున్నాడు.

"దేవదూత నువ్వే గదన్నా," అన్నాడు సుందర్‌రాజ్. సంతోషంలో ఆయన కామేశాన్ని నువ్వు అనేశాడు.

కన్నం పైన గంధం బొట్టు. ఎండి, గట్టిపడి, రూపాయి బిళ్ళంత వెడల్పున పెంకు కట్టింది. సుందర్‌రాజ్ తన సంచీలోంచి సన్నటి తీగముక్క తీసిచ్చాడు. కామేశం బొట్టును చెరపకుండా, దాని నడుమ నుంచే మెల్లగా గుచ్చి కన్నం తెరిచాడు. మూత పైకెత్తి చూస్తే చిన్న ఆకాశం ముక్క కనిపించింది.

"నేను వాషరు గట్టిగా వేసినానా, పక్కల్నుంచి గాలి రాకుండా పోయింది. పైన వదిన బొట్టు. ఇంక బండి ఎట్టా ఊపిరి పీలుస్తాది?" అని సుందర్‌రాజ్ ఆ పెంకును గోటితో తట్టి చూశాడు. "అయినా వారానికొకసారి పెట్టే బొట్టు ఎండకు పొడిపొడిగా రాలిపోతాదన్నా. ఇన్నేళ్ళూ అట్నే రాలిపోయింది గదా. ఇది చూడండి, పొర మీద పొర. పైది ఇంకా తడిగా ఉండాది."

"అది పొద్దున పెట్టింది లే. నేను చూస్తా ఉండంగానే పెట్టింది."

"అది రెండోది గదా. మీరు కళ్ళజోడు వెతుక్కుంటా లోపలుంటిరి, నేను అరుగు మీద కూర్చోనుంటి. అప్పుడొకసారి గిన్నె తెచ్చి పెట్టి పోయింది. మీరు బయటికి రాంగానే మళ్ళీ తెచ్చి పెట్టింది. నేను ఎప్పుడొచ్చినా అంతే, శుక్రవారమా ఇంకో వారమా అని లేదు. మీలో అట్టా పెట్టే ఆచారమేమో అనుకుంటి." సుందర్‌రాజ్ చొక్కా పిండుకుంటూ నవ్వాడు. "కాఫీ గూడా అంతే. తాగి గ్లాసిచ్చినాక, 'మీకింకా కాఫీ ఇయ్యలేదే' అని మళ్ళీ తెస్తాది. మర్యాదగల మనిషి గదా అని నేనూ తాగేస్తా ఉంటి."

కామేశం నవ్వు ఆగిపోయింది.

ఆయన ముఖం చూసి సుందర్‌రాజ్ నవ్వు కూడా ఆగింది. ప్లగ్గు తీసుకుని బిగించడం మొదలుపెట్టాడు.

కామేశం రాళ్ళకట్ట మీద కూర్చున్నాడు. నిన్న అన్నాలయ్యాక చెప్పిన లారీ కథ ఆమె మొన్నా చెప్పింది, అటు మొన్నా చెప్పింది. ప్రతిసారీ కొత్తగా, ఆయన ఎప్పుడూ విననట్టు చెప్పింది. పోయిన వారం పప్పు రెండు గిన్నెల్లో నానింది. ఎవరైనా వస్తారేమోనని నానబోసిందనుకున్నాడు. పాలు పొంగి స్టవ్వంతా మాడిన రోజున, తన దిగులుతోనే ఆమెకు పరధ్యానం పట్టుకుందని తనను తానే తిట్టుకున్నాడు. తన మతిమరుపును వెతుక్కోవడంలో ఎంత మునిగిపోయాడంటే, పక్కన ఉన్న మనిషి చెయ్యి జారిపోతుంటే కనబడలేదు. బండి ఆగినకొద్దీ ఆమెకు భయం పెరిగింది, భయం పెరిగినకొద్దీ బొట్టు పెట్టింది, పెట్టానన్నది మర్చిపోయి మళ్ళీ పెట్టింది, దాంతో బండి ఆగింది.

ఆర్నెల్లుగా తన గురించి పడ్డ భయం చాలా చిన్నదని ఆయనకు అప్పుడు తెలిసింది.

సుందర్‌రాజ్ పైపు తగిలించి కిక్కరు తొక్కాడు. బండి లేచింది. పరీక్ష పూర్తి చేయాలి కాబట్టి ఇద్దరూ ఎన్నూరు దాకా పోయి, ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర వలలు ఆరేసుకుంటున్న వాళ్ళను చూసి వెనక్కి తిరిగారు. బండి ఒక్క దగ్గు దగ్గలేదు. ఇంత బాగా అది నడిచి ఎన్ని నెలలైందో. కామేశానికి ఆ నడకలో ఏ రుచీ తెలియలేదు.

తిరువొత్తియూరులో టీ కొట్టు ముందు ఆపి సంయుక్తకు ఫోను చేశాడు.

"కనిపెట్టినారా నాన్నా?"

"ఆ సంగతి తర్వాత. రేపు డాక్టరు దగ్గర అమ్మ పేరు గూడా రాయించమ్మా."



"అమ్మ నాకు రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి ఒకటే చెప్తాది," అంది సంయుక్త. "మీ గురించి దిగులు ఎక్కువై చెప్తా ఉండాదనుకున్నా నాన్నా."

"నేనూ అట్నే అనుకుంటినమ్మా," అన్నాడు కామేశం.

ఇంటి గుమ్మంలో హైమ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో, కొంగు నలిగిపోయి ఉంది. బండి ఆగేలోపలే అడిగింది.

"ఏమైందండీ? ఆగిందా?"

"ఆగింది."

"ఎందుకంట?"

దారంతా కామేశం ఈ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుక్కున్నాడు. నిజం ట్యాంకు మూత మీదే ఉంది. తీసి చూపిస్తే తాళంచెవి తనది, పరువు తనది. కాని, రోజూ పెట్టిన బొట్లు గుర్తులేవని ఆమె ముఖాన చెప్పాల్సి వస్తుంది. చెప్పినా ఆమె ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే డాక్టరు గడప తొక్కదు.

"ట్యాపు తెరవలేదు," అన్నాడు. "నేనే మర్చిపోయినా హైమా."

సుందర్‌రాజ్ ఉలిక్కిపడి చూశాడు. కామేశం ఆయన వైపు చూడలేదు. పొద్దుటే ఆరాధన ముగించుకుని వచ్చిన మనిషి, పెట్రోలు కంపు కొట్టే తెల్లచొక్కాతో నేలచూపులు చూస్తూ, "అవును వదినా," అన్నాడు. బండికి అవతలి పక్కకు పోయి, అవసరం లేని నట్టు ఒకటి బిగించడం మొదలుపెట్టాడు.

ఆర్నెల్లుగా తను అంటున్నదే నిజమని తేలినా హైమ ముఖంలో గెలిచిన జాడ లేదు. కాదని ఆయన వాదిస్తూ ఉన్నంతకాలం ఆమెకు ఏ మూలో కాస్త ఆశ ఉండేదని కామేశానికి అర్థమైంది. దాన్ని కూడా తనే తీసేశాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు నువ్వు గూడా నాతో రావాల."

"రాక ఏం చేస్తాను."

"వచ్చి బయట కూర్చోవడం గాదు. నాకొక్కడికే ప్రశ్నలేస్తే భయంగా ఉంటాది. నీక్కూడా వెయ్యమంటాను. ఇద్దరం పక్కపక్కన కూర్చోని చెప్తాము."

"నాకెందుకండీ ప్రశ్నలు? నాకేం జబ్బు?"

"నీకేం లేదు. నా కోసం."

హైమ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు తడిగా ఉండడం ఆమె పెళ్ళయినప్పటినుంచి ఎన్నోసార్లు చూసింది కాదు. ఆసుపత్రి మాటెత్తితే ఒంటికాలి మీద లేచే మనిషి, ఈసారి లేవలేదు.

"సరే. మీకు ధైర్యంగా ఉంటాదంటే వెయ్యమనండి, నాకేం," అంది. తాళంచెవి కొంగున ముడేసుకుని, పెట్రోలు అంటిన ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "దిగులు పడబాకండి. మీరు మర్చిపోతే మాత్రం ఏమైపోయె? నాకు అన్నీ జ్ఞాపకం ఉంటాయి గదా, నేను చెప్తా ఉంటాను."

"నువ్వే చెప్పాల," అన్నాడు కామేశం, ఆ చెయ్యి వదలకుండా.